పి.ఎస్.కు తెలుసు

"గడపకు దండం ఎందుకు తాతగారూ? ఇది గుడి కాదు."

"చెప్పులు ఇడిపిస్తున్రు. పెట్టెకు బొట్టు పెట్టిన్రు. లోపల సల్లగున్నది. ఇగ గుడి గాక ఏంది బిడ్డా?"

కంప్యూటర్‌కు పొద్దున కుంకుమ పెట్టింది ఆ అడిగిన సావిత్రే.

అది తొంభై ఆరో సంవత్సరం. మిర్యాలగూడలోని ఆ కాలువ ఆఫీసులో ఏ తూము ఎన్ని గంటలు తెరవాలో కంప్యూటరే చెప్పేది. ఆ ప్రోగ్రాం రాసిన ఇంజినీరు కాలం చేశాడు. ఏ లైను ఎందుకుందో, రేపు వచ్చేవాళ్లకు తెలిసేలా పుస్తకం రాయడం కోదాడ నుంచి వచ్చిన సావిత్రి పని.

తాత నెల నుంచి రోజూ తండా నుంచి వస్తున్నాడు. తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని, ఆమె బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంటాడు.

"పదకొండో తూముకు నీళ్లెప్పుడు బిడ్డా?"

"గురువారం అని నిన్న కూడా చెప్పాను కదా!"

"ఇయ్యాల మారలేదు గద?"

సూర్యాపేట నుంచి కొత్తగా వచ్చిన అటెండరు దుర్గయ్య నవ్వాడు. "నీళ్లు ఒక సాకు మేడం. సల్లగాలికి వస్తడు."

ఆ రోజు సావిత్రి కలం ఒక లైను దగ్గర ఆగిపోయింది.

లెక్క ప్రకారం పదకొండో తూముకు ఆరు గంటలు. ప్రోగ్రాం మాత్రం ఇంకో రెండు గంటలు కలుపుతోంది. పక్కన ఇంగ్లీషులో చిన్న మాట ఉంది: 'మార్చవద్దు. కారణం పి.ఎస్.కు తెలుసు.'

ఆఫీసులో పనిచేసిన ఇంజినీర్ల జాబితా అంతా వెతికింది. ఆ అక్షరాల మనిషి లేడు.

"తాతగారూ, పి.ఎస్. అనే ఆయన మీకు తెలుసా?"

తాత చాలాసేపు ఆలోచించాడు. "గసొంటి పేరోళ్లు గీడ ఎవలు లేరు బిడ్డా. పెద్ద ఆఫీసరా?"

"అయ్యే ఉంటాడు. ఆయన రాయించిన లైను ఒకటి ఉంది. ఎందుకో తేలకపోతే సోమవారం కల్లా తీసెయ్యమన్నారు మా పైఅధికారి మత్తయ్య సారు."

ఏ తూమో చెప్పలేదు. చెబితే తన తూముకు ఆ రెండు గంటలు ఉంచమని పట్టుబడతాడని లోలోపల నవ్వుకుంది.

"ఎందుకో ఎర్క లేదని తీసేస్తవా? రాసినోడు పిచ్చోడా?"

"కారణం లేకుండా పుస్తకంలో ఎట్లా పెట్టను?"

"పొద్దుగాల పెట్టెకు బొట్టు పెడ్తివి గద. కారణం దొరికినంకనే పెట్టినవా?"

సావిత్రి ఆ లైను తీసెయ్యలేదు. పుస్తకంలో దాని ఎదురుగా నాలుగు వరుసలు ఖాళీగా వదిలింది. మత్తయ్య సారు కోప్పడితే తలవంచుకుని విన్నది.

గురువారం నీళ్లు వచ్చాయి. పదకొండో తూము కింద చివరి మడి దాకా తడిసిందని రైతులు వచ్చి చెప్పిపోయారు.

తాతకు చెబుదామనుకుంది. తాత రాలేదు.

మర్నాడూ రాలేదు. స్టూలు మీద దుర్గయ్య ఫైళ్లు పెట్టబోతే వద్దంది.

పది రోజుల తర్వాత నీలా అనే ఆడమనిషి వచ్చి గడప అవతలే నిలబడింది.

"మా నాయిన పోయిండమ్మా. గీడ నౌకరి చేసినట్టు కాయితం కావాలె. రోజు నీ కాడికే వస్తుండె."

సావిత్రి పక్కనున్న స్టూలు వైపు చూసింది. "తాతగారు... ఇక్కడ నౌకరీ చేశారా? పదకొండో తూము కింద ఆయనకు పొలం ఉందనుకున్నాను."

"మాకు పొలం ఏడిదమ్మా? ముప్పయ్యేండ్లు గా తూము తలుపు తెరిసే లష్కర్. రిటైరయినంక గూడ, ఆకరి మడికి నీళ్లు ఎక్కినయని ఇంటె తప్ప అన్నం తినకపోతుండె."

సావిత్రి కాగితం తీసుకుంది. ఇన్నాళ్లూ తాత పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"నాయన పేరు చెప్పమ్మా."

"ఫూల్ సింగ్."

ఇంగ్లీషులో రాయసాగింది. మొదటి మాటకు పి. రెండో మాటకు ఎస్.

కలం ఆగింది.

నీలా వెళ్లాక పుస్తకం తెరిచి, ఖాళీగా వదిలిన వరుసల్లో తెలుగులోనే రాసింది: 'పి.ఎస్. అంటే ఈ తూము లష్కర్ ఫూల్ సింగ్. కారణం ఆయనకు తెలుసు. నెల రోజులు నా పక్కనే కూర్చున్నాడు. ఏ తూమో నేనే చెప్పలేదు.'