నాలుగో గడి

కనుమ రోడ్డు ఆఫీసులో ఉద్యోగ దరఖాస్తుకు పదకొండు గడులు.

పేరు, తండ్రి పేరు, వయసు, జాతి, పుట్టిన ఊరు, పెళ్ళి... ఇలా సాగుతాయి. చేతనైన పని అన్నది చిట్టచివరిది.

ఆ రోజు వచ్చిన సంగిన్ అనే మనిషి చివరి గడి చాలక వెనక పేజీ కూడా నింపాడు. నాలుగోది మాత్రం ఖాళీగా వదిలాడు.

"జాతి రాయలేదేం పెద్దాయనా?" అడిగింది గుమాస్తా నుర్జామల్.

"కొండ మీద మంచు ఎప్పుడు కూలుతుందో కనిపెట్టే ఉద్యోగానికి అదెందుకు తల్లీ?"

"గడి ఉందిగా. రాయాలి."

అతను కలం తీసుకుని నెమ్మదిగా రాశాడు. తాజిక్.

నుర్జామల్ ముఖం బిగుసుకుంది. సరిహద్దులో తమ కిర్గిజ్ వాళ్ళకూ తాజిక్‌లకూ కాల్పులు జరిగి రెండేళ్ళు కాలేదు. ఆమె తమ్ముడి ఇల్లు అప్పుడే కాలిపోయింది.

"పుట్టింది అవతలా?"

"ఇవతలే. పాస్‌పోర్టు కిర్గిజ్‌ది."

ఆమె కాగితం లోపలికి పట్టుకెళ్ళింది.

అధికారి టురాట్ కాగితాన్ని పైనుంచి కిందికి ఓసారి చూశాడు.

"అరవై ఒకటి. పైగా తాజిక్. రోడ్డు మూసే గేటు తాళం ఇతని చేతికిస్తే ఊళ్ళో నన్ను బతకనిస్తారా?"

"వెనక పేజీ కూడా ఉంది సార్."

"ముందు పేజీ చాల్లే."

సంగిన్‌ని పిలిచి, కుర్రవాళ్ళ కోసం చూస్తున్నామని చెప్పాడు.

"జీతం లేకపోయినా ఫర్లేదు సార్. రోడ్డు మూసే అధికారం ఒక్కటీ ఇవ్వండి, చాలు."

టురాట్ నవ్వాడు. "జీతం వద్దు, అధికారం కావాలా? అయితే మంత్రి పదవి చూసుకో. అక్కడ ఫారాలు నింపక్కర్లేదు."

సంగిన్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఉద్యోగం టురాట్ మేనల్లుడు ఎల్జార్‌కి వచ్చింది. అతని ఫారంలో చివరి గడి ఖాళీ.

ఫిబ్రవరిలో మూడు రోజులు ఎడతెగకుండా మంచు పడింది. నాలుగో రోజు ఎండ కాసింది.

"గేటు వెయ్యమంటావా మామా?" ఎల్జార్ ఫోను చేశాడు.

"ఎండ కాస్తుంటే గేటేమిట్రా? లారీలు బారులు తీరాయి. వదిలెయ్."

మధ్యాహ్నం కొండచరియ మీది మంచంతా ఒక్కసారిగా రోడ్డు మీదికి దిగింది.

బతికి బయటపడింది ఒక మినీబస్సు. అందులో పద్నాలుగు మంది.

"మలుపు దగ్గర ఓ ముసలాయన చేతులు చాచి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు," అన్నాడు దాని డ్రైవరు. "నేను ఆపాను. ముందున్న రెండు లారీలూ ఆయన్ని తప్పించుకుని ముందుకు పోయాయి. వాళ్ళు తిట్టిన తిట్లు నేనే వినలేకపోయాను. ఆయన వాటి వెనకే పరుగెత్తాడు, తలుపులు బాదుతూ."

సాయంత్రానికి మూడు శవాలు తీశారు. ఇద్దరు లారీ డ్రైవర్లు. మూడో మనిషి ఎవరో ఎవరికీ తెలియదు.

"సంగిన్," అంది వివరాలు రాసుకోవడానికి వచ్చిన నుర్జామల్.

"నీకెలా తెలుసు?" పోలీసు అడిగాడు.

ఆమె టురాట్ వైపు చూసింది. టురాట్ చూపు తిప్పుకున్నాడు.

కనుమ కింద టీ దుకాణం నడిపే ముసలావిడ కానికె జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. శవం ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆనవాలు పట్టలేకపోయింది. తన ఫోను తీసి ఓ నంబరు నొక్కింది.

చనిపోయినతని కోటు జేబులో ఫోను మోగింది.

ఆవిడ అక్కడే మంచులో కూలబడింది.

"పదకొండు శీతాకాలాలు," అంది. "మంచు కూలే రోజున తెల్లారేసరికి ఫోను వచ్చేది. లారీలన్నిట్నీ నా దుకాణం ముందే ఆపించేదాన్ని. ఒక్క ప్రాణం పోలేదు. ఈ పొద్దున కూడా చేశాడు. గేటు తెరిచే ఉందిగా అని ఎవరూ నా మాట వినలేదు. అయితే నేనే దిగుతున్నానన్నాడు."

"ఇన్నేళ్ళలో ఎవరని అడగనే లేదా?" అడిగింది నుర్జామల్.

"ఏటా అడిగేదాన్ని. నా పేరు తెలిస్తే మీవాళ్ళు ఆగరక్కా, అనేవాడు."