తూర్పు వాకిలి బిల్లు

కరెంటు బిల్లు చూసిన సారంగపాణి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

నాలుగొందల ఎనభై ఏడు యూనిట్లు! ఉన్నవి రెండు గదులు, ఓ వంటగది. ఉండేది మొగుడూ పెళ్ళాం.

"ఛీ! గిది ఇల్లా, పిండి గిర్నీనా?" అన్నాడు.

ఇంట్లో గ్యాస్ లేదు. వెనక గల్లీలో ఎవరిదో సిలిండర్ అంటుకున్న నాటి నుంచి భార్య ప్రేమలత గ్యాస్ పేరెత్తితేనే వణికిపోతుంది. అందుకని పొయ్యి కరెంటుది, స్నానానికి గీజర్, అన్నానికి కుక్కర్. కానీ ఇవన్నీ ఎదురు ఫ్లాట్‌లో ఉన్నప్పుడూ ఉన్నవే. అక్కడ చలికాలంలో కూడా బిల్లు మూడొందల యూనిట్లు దాటలేదు.

హన్మకొండలోని ఆ పాత అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఎదురెదురు ఫ్లాట్లు రెండూ సారంగపాణివే. పడమర వాకిలి దాంట్లో తనుండేవాడు. తూర్పు వాకిలి దాంట్లో యాకమ్మ కిరాయికుండేది. మొన్న దసరాకు వాస్తు పంతులొచ్చి, "తూర్పు వాకిట్ల మీరుండాలె గని కిరాయికిస్తరా సేటూ?" అన్నాడు. వారం తిరక్కుండా యాకమ్మ సామాను ఇటూ, సారంగపాణి సామాను అటూ మారాయి. ఆమెను ఒక్క మాట అడిగినవాడు లేడు.

ఆ వాకిట్లోంచి లక్ష్మి వస్తుందన్నారు. ముందు బిల్లు వచ్చింది.

మొదట భార్య మీద పడ్డాడు. గీజర్ బంద్ చేయించాడు. ఫ్రిజ్ కూడా బంద్ చేశాడు. రెండోనాటికి పాలు విరిగాయి, మూడోనాటికి వంకాయ కూరకు బూజు పట్టింది. ప్రేమలత ముక్కు మూసుకుని ఒక్కో గిన్నే పారబోసింది. "థూ, గిదేం బతుకు! పైసలుండి గూడ పాశిపోయిన కూడు తింటానం" అంది. పై నెల బిల్లులో తగ్గింది ఓ ఇరవై యూనిట్లు.

అంతకంటే ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. యాకమ్మకు జీరో బిల్లు వచ్చింది. తెల్లకార్డు ఉండి రెండొందల యూనిట్ల లోపు కాలిస్తే రూపాయి కట్టక్కర్లేదు. తూర్పు ఫ్లాట్‌లో ఉన్నన్నాళ్ళూ ఆమెకు ఆ భాగ్యం దక్కలేదు. పడమర దాంట్లోకి మారగానే దక్కింది. పైగా ఆమె దోశ పిండి రుబ్బి అమ్ముకునే మనిషి. పూటపూటా గ్రైండర్ తిరగాల్సిందే.

సారంగపాణికి లెక్క తేలిపోయింది. తిన్నగా వెళ్ళి ఆమె తలుపు బాదాడు.

"వైరు ఏడ కలిపినవే?"

యాకమ్మ పిండి చేతులతోనే వచ్చింది.

"ఏం వైరు సేటూ? నేను గా ఫ్లాట్‌ల ఉన్నప్పుడు నాకు గూడ గట్లనే వచ్చేది. మీకు చెప్తే గ్రైండర్ బంద్ పెట్టుకో పో అన్నరు."

"ఛీ, దూరముండు. పిండి కంపు! నా ఇంట్ల ఉండుకుంట నా మీటర్‌కే కన్నం పెడ్తవా? ఆదివారం నీ సంగతి తేల్చి ఇల్లు ఖాళీ చేయిస్త."

"ఇల్లు గిప్పటికిప్పుడు ఖాళీ చెయ్యమంటే నేనేడికి పోవాలె సేటూ? నా గిరాకంత గీ అపార్ట్‌మెంట్లనే ఉన్నది."

"దొంగలు యాడికి పోతరో గాడికి పో" అని ఆమె గడప మీదే ఉమ్మేశాడు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు సారంగపాణే ప్రెసిడెంట్. మూడేళ్ళ కింద ఆ కుర్చీ ఎక్కగానే మెయింటెనెన్స్ సగానికి దించాడని అప్పట్లో శాలువా కూడా కప్పారు. ఆదివారం పొద్దున్నే అందర్నీ కింద పార్కింగ్‌లో పోగేసి, తీర్మానాల పుస్తకంలో తనే రాశాడు. పక్కవాళ్ళ మీటర్ నుంచి కరెంటు మళ్ళించినట్టు తేలినవాళ్ళు ఎవరైనా సరే, ఓనరైనా కిరాయిదారైనా, వారంలోగా అపార్ట్‌మెంట్ విడిచి పోవాలి. అందరూ సంతకాలు పెట్టారు. యాకమ్మ చేత కూడా పెట్టించాడు.

ఆ తర్వాత గట్టయ్యను పిలిచాడు. ఆ అపార్ట్‌మెంట్ కట్టినప్పటి నుంచి కరెంటు పనులన్నీ అతనివే.

గట్టయ్య మెట్ల కింద మీటర్ల పెట్టె తెరిచి, సారంగపాణి ఇంటి మెయిన్ ఆపేశాడు. అయినా ఆ మీటర్ మీద ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటూనే ఉంది.

"చూసిండ్రా! నేను చెప్పలే?" సారంగపాణి గొంతు పార్కింగంతా మోగింది.

మీటర్ వెనక నుంచి గట్టయ్య ఓ నల్ల వైరు బయటికి లాగాడు. దాన్ని పట్టుకుని గోడ వెంట నడిచాడు. వెనకే అందరూ నడిచారు. యాకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

వైరు మెట్లెక్కలేదు. పార్కింగ్ దాటి, ప్రహరీ మూల తిరిగి, బోరు మోటారు డబ్బాలోకి పోయింది.

"ఓరి! గిది మనందరం తాగే నీళ్ళ మోటరాయె!" అన్నాడు కింది ఫ్లాట్ వెంకట్రాజం సారు. "పాపం, యాకమ్మకు దీంతోని సంబంధమే లేదు."

తన ఒక్కడి మీటర్ మీద పన్నెండు ఇళ్ళవాళ్ళు నీళ్ళు తోడుకుంటున్నారని తెలిసేసరికి సారంగపాణి ముఖం జేవురించింది.

"థూ! గింత నీచమైన పని ఎవడు చేసిండు? పక్కోని కొంపకు వైరు తగిలించినోడు మనిషేనా? గట్టయ్యా, నీకు తెల్వకుంట గీ పెట్టె మీద ఎవడు చెయ్యి పెట్టడు. పేరు చెప్పు. ఎవడైనా సరే, పుస్తకంల రాసింది రాసినట్టే!"

గట్టయ్య టెస్టర్ జేబులో పెట్టుకున్నాడు. యాకమ్మ వైపు ఓసారి చూసి, తల గోక్కున్నాడు.

"యాది మర్చిండ్రా సేటూ, ప్రెసిడెంట్ అయిన కొత్తల మెయింటెనెన్స్ దించెటందుకు 'మోటర్‌ను నా మీటర్ తప్ప ఏ మీటర్‌కన్న కలుపు' అన్నది మీరే గద, గప్పుడు గీ మీటర్ యాకమ్మది."