బోణీ అవ్వ

గుంటలో పెట్టిన కాలు అవ్వ చటుక్కున వెనక్కి లాక్కుంది.

"దిగబాకండి. ఇయ్యాల అమ్మ వద్దంటా ఉంది."

గట్టు మీద వరసగా నిలబడ్డ పిల్లలు కిసుక్కున నవ్వారు. కుర్చీలో కూర్చున్న విజయభాస్కర్ నవ్వలేదు. ఆ రొయ్యల గుంటలు ఆయనవి.

"ఏ అమ్మ?"

"గంగమ్మ తల్లయ్యా."

"ఈ వారంలో ఇది రెండోసారి. మీ గంగమ్మకి సెలవులు ఎక్కువైనాయే."

కావలికి తూర్పున, సముద్రపు ఒడ్డు పొడవునా గుంటలే. వేసవి వచ్చిందంటే విజయభాస్కర్ కాలేజీ పిల్లలను పనిలో పెట్టుకుంటాడు. ఒళ్ళు వంచుతారు, ఎదురు చెప్పరు, కాలేజీ తెరవగానే వాళ్ళంతట వాళ్ళే పోతారు. ఇంతకన్నా మంచి పనివాళ్ళను దేవుడు ఇంకా పుట్టించలేదని ఆయన నమ్మకం. భద్రత కోసం తలా ఒక మేత కంపెనీ టోపీ ఇచ్చాడు.

నడుము లోతు నీళ్ళలో దిగి, నీళ్ళను చిలికే కరెంటు చక్రాలకు చుట్టుకున్న నాచు తీయాలి. నాచు తీసే చక్రం ఒక్కటే ఆపుతారు. మిగతావి తిరుగుతూనే ఉంటాయి.

అవ్వను ఎవరూ పిలవలేదు. సెలవులివ్వగానే ఎక్కడినుంచో వచ్చింది. పిల్లలకు మంచినీళ్ళు మోస్తానంది. పెట్టింది తిని షెడ్డులో పడుకునేది.

వచ్చిన రోజే ఒక మాట అడిగింది.

"పిల్లకాయలు నీళ్ళలో ఉన్నంతసేపు కరెంటు కట్టెయ్యండయ్యా."

"కట్టేస్తే రొయ్యలకి ఊపిరాడొద్దా? ఆ మాట ఇంకోసారి అన్నావంటే గేటు దాటిస్తా."

మళ్ళీ అనలేదు. మర్నాటి నుంచి గంగమ్మను పట్టుకుంది.

ఏ గుంటలోనైనా ముందు తానే దిగాలి. నీళ్ళు కళ్ళకద్దుకోవాలి. చక్రం దాకా నడిచి, దాన్నీ తాకి దండం పెట్టాలి. అప్పుడు "రాండి" అనేది. సముద్రం మీద బతికే చోట నీళ్ళకు మొక్కడం వింతేమీ కాదు. పిల్లలు మాత్రం 'బోణీ అవ్వ' అని పేరు పెట్టేశారు.

ఇవాళ కాలు వెనక్కి లాక్కున్నాక అవ్వ గట్టు మీంచి కదల్లేదు.

"ఆ చక్రం మీద అమ్మకి కోపంగా ఉండాది. ఒకసారి విప్పించి చూడండయ్యా."

"గంగమ్మకి మెకానిక్ పని కూడా వచ్చా?"

విజయభాస్కర్ లేచాడు.

"భక్తి నాకూ ఉంది. శనివారం ఒక్కపొద్దుంటా. పని చెడగొట్టే భక్తేంది ఇది? రేపట్నుంచి గేటు లోపలికి రాబాక."

"ఆ గుంటలో మాత్రం దింపబాకయ్యా."

"పో."

మర్నాడు పొద్దున్నే పిల్లలను ఆ గుంట దగ్గరే నిలబెట్టాడు.

"సార్, అవ్వ రాలేదే?" అన్నాడు ముందున్న కిషోర్. మొన్ననే ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసిన పిల్లాడు.

"బోణీ నువ్వే చెయ్. నీకు పలకదా ఏంది గంగమ్మ?"

అందరూ నవ్వారు. కిషోర్ కూడా నవ్వి చొక్కా పైకి ముడేసుకున్నాడు.

"ఆగబ్బయా!"

వెనక కాలువ గట్టు మీంచి అవ్వ పరుగెత్తుకొస్తోంది. ఒళ్ళంతా బురద. గేటు మూసి ఉంటే కాలువకు అడ్డం పడి వచ్చినట్టుంది. కిషోర్ భుజం పట్టి వెనక్కి నెట్టి, తాను దిగింది.

చక్రం దాకా నడిచింది. తాకింది. తల వంచింది.

వంచిన తల ఎత్తలేదు.

"ఇయ్యాల దణ్ణం శానా పెద్దదే" అన్నాడు వెనకనుంచి ఒకడు. మళ్ళీ నవ్వులు.

అవ్వ ముఖం నీళ్ళలోకి వాలాక నవ్వులు ఆగాయి.

కిషోర్ దూకబోయాడు. విజయభాస్కర్ వాడి కాలర్ పట్టి లాగాడు.

"కరెంటు కట్టెయ్యండ్రా!"

ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

చక్రాలన్నీ ఆగిపోయాయి. అంబులెన్స్ వచ్చి వెళ్ళేదాకా ఆగే ఉన్నాయి. ఒక్క రొయ్య కూడా చావలేదు.

"పెద్దది గదా, గుండె ఆగినట్టుంది" అని విజయభాస్కర్ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. కిషోర్ మాత్రం ఎస్సై ముందు "కరెంటు" అన్నాడు.

ఫోన్లలో తిరిగిన ఫొటో చూసి, పులికాట్ వైపు నుంచి రెండు బస్సులు మారి నాగులమ్మ అనే ఆమె ఆస్పత్రికి వచ్చింది. గుడ్డ తొలగించి ముఖం చూసింది. ఏడవలేదు. చెంప మీద ఎండిన బురదను కొంగు తడిపి తుడిచింది.

"శవాన్ని నేను తీసకపోతా సార్. పేరు గురవమ్మ."

"మీ అక్కా?" అన్నాడు ఎస్సై.

"కాదు సార్."

"చుట్టమా?"

"ఏమీ కాదు. పిల్లకాయల్ని గుంటల్లో పనికి తోలే మేస్త్రమ్మ. 'నీళ్ళ మనుషులం, నీళ్ళకి భయమేందిలే' అని మూడేళ్ళ కింద ఎండాకాలం సెలవుల్లో నా కొడుకు పెంచల్‌ని తీసకపోయి, కరెంటు కొట్టిన శవాన్ని తెచ్చిచ్చింది ఈమే."