ఒక్క మొహం చాలు

"మళ్లీ కొట్టు. ఈసారీ కుడి చెంప మీదే," అన్నాడు చందాల మేష్టారు, నోట్లో రక్తం పక్కకి ఉమ్మి. "కుడికన్ను ఎటూ మూసుకుపోయింది. రెండోది కూడా పోతే నేనెవరివంక చూస్తున్నానో చూసేవాళ్లకి తెలీదు."

టైర్ల దొంతర మీద కూర్చున్న వస్తాదు పకపకా నవ్వాడు. ఈ గోడౌన్‌లో, ఈ ఇనుప కుర్చీకి ఎంతమందిని కట్టేయించాడో. కాళ్లు పట్టుకున్నవాళ్లున్నారు, బట్టలు తడుపుకున్నవాళ్లున్నారు. తన్నులు ఏరుకుని తినేవాణ్ణి చూడ్డం ఇదే మొదలు.

"విన్నావుగా చేటా. కానియ్."

ఆ పేరు చెవుల్ని బట్టి వచ్చింది. రెండూ చేటల్లా ఉంటాయి. వేరే ఊరి నుంచి వచ్చి పనిలో చేరి ఎన్నాళ్లో కాలేదు గానీ మేష్టార్ని ఎత్తుకొద్దామన్న సలహా వాడిదే. కిడ్నీ ఆసుపత్రికి చందాలు వసూలు చేస్తాడనీ, దగ్గర డబ్బు బాగా మూలుగుతోందనీ చెప్పాడు. తీరా తెచ్చి జేబులు తిరగేస్తే బస్సు టికెట్లు రాలాయి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, డయాలసిస్ మిషన్లే మూలపడ్డాయని వాళ్లే ఏడ్చారు.

ఒళ్లు మండి వస్తాదు మేష్టారి చిటికెనవేలు వెనక్కి విరిచాడు. మేష్టారు కెవ్వుమని, కాసేపటికి ఊపిరి కూడదీసుకుని బేరం పెట్టాడు.

"ఒకణ్ణి కోటి అడిగితే పోలీసుల దగ్గరికి పోతాడు బాబూ. లక్షమందిని తలా వంద అడుగు. ఇస్తారు. ఇచ్చామని ఊరంతా చెప్పుకుంటారు."

"నన్ను చూసి ఎవడిస్తాడయ్యా?"

"నిన్ను కాదు, నన్ను చూసి. నిరుడంతా గుమ్మాలెక్కి దిగాను. రోగులు వందమంది ఉన్నారంటే తలుపేసుకున్నారు. వందమంది కాదు, ఒక్క మొహం చాలు. దాని మీద నెత్తురుండాలి."

అలా మొదలైంది వ్యాపారం. వీడియోలో ముందు ఒక పాప ఫొటో. జుట్టు చెవుల మీదుగా దువ్వి జడలేశారు, ముందుపళ్లు రెండూ లేవు. మిషను లేకపోతే ఈ పాప బతకదు, ఈయన రాకపోతే మిషను రాదు. తర్వాత మేష్టారి మొహం మీద ఒక చెయ్యి పడుతుంది. డబ్బు ఆసుపత్రి ఖాతాకి. తన సంతకంతో తీసుకోవచ్చన్నాడు మేష్టారు.

"సంతకం పెట్టనంటే?"

"చేట ఉన్నాడుగా బాబూ."

వస్తాదుకి ఆ జవాబు నచ్చింది.

ఇప్పుడు చేట చెయ్యెత్తి ఆగాడు. రేకుల కింద గోడౌన్ పెనంలా కాలుతోంది.

"ముందు ఆ మంకీ క్యాప్ పీకెయ్యవయ్యా మేష్టారూ, చూస్తే నాకు చెమట పోస్తోంది," అన్నాడు వస్తాదు.

"ఉండనీ బాబూ. చెవుల్లోకి గాలి పోతే తట్టుకోలేను." మేష్టారు చేటవైపు తిరిగాడు. "అబ్బాయ్, చెయ్యి వణికితే నాటకం అనుకుంటారు. గట్టిగా వెయ్యి."

చేట వేశాడు. పన్ను ఊడి టైరులో పడింది. ఫోన్ ఆపగానే వాడు టైర్ల వెనక్కి పరిగెత్తి భళ్లున కక్కుకున్నాడు.

"తాగింది దిగలేదట్రా?"

"తిన్నది పడలేదన్నా."

డబ్బు కురిసింది. ఇచ్చినవాడికి ఆ పూటే పేరు పెట్టి థాంక్స్ చెప్పాలనీ, లేకపోతే రెండోసారి ఇవ్వడనీ మేష్టారి సూత్రం.

"ఎత్తుకొచ్చేదీ నేనే, థాంక్సులూ నేనేనా?" అని వస్తాదు విసుక్కుంటే, ఆ పని చేట మీద పడింది. 'అమ్మా, మీరు పంపిన వంద అందింది. మేష్టారు ఇంకా ప్రాణంతోనే ఉన్నారు.' ఆవిడ మళ్లీ పంపింది.

రాబడి తగ్గినప్పుడల్లా మేష్టారే చెప్పేవాడు. "మొహం చూసి చూసి అలవాటు పడ్డారు. నా ఎడం మోకాలు ఎలాగూ పాతది. దాని మీద వెయ్యి అబ్బాయ్." చేట సుత్తి తెచ్చాడు. మేష్టారి కేకకి పైనున్న పావురాలు లేచిపోయాయి. ఆ రోజు వచ్చినంత ఏ రోజూ రాలేదు.

అనుకున్నంతా పడిన రోజు చేట పొద్దున్నే ఫోన్ చూసుకుని మొదటిసారి నవ్వాడు. వస్తాదు చెక్కుబుక్కు మేష్టారి ఒళ్లో పడేశాడు.

"పెట్టు సంతకం."

మేష్టారు బోసినోటితో నవ్వాడు. "ఖాతాలో ఏం లేదు బాబూ. పొద్దున్నే మిషన్లవాళ్లకి కట్టేశారు. నా సంతకం అక్కడెప్పుడూ చెల్లదు. నేను అడిగేవాణ్ణే, తీసేవాణ్ణి కాదు."

వస్తాదు చెక్కుబుక్కు లాక్కుని చింపేశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "చేటా, రాడ్డు తీసుకో. నడినెత్తి మీద వెయ్యి. ఈసారి వీడియో అక్కర్లేదు."

చేట రాడ్డు ఎత్తాడు. ఎముక విరిగిన చప్పుడైంది. అది తన మోకాలని తెలియడానికి వస్తాదుకి కాస్త టైం పట్టింది. కిందపడ్డాక రెండోది కూడా విరిగింది. రబ్బరు ధూళిలో మొహం పెట్టి పశువులా అరుస్తూ, అరవడానికీ ఓపిక లేక తల పక్కకి తిప్పి చూశాడు.

చేట రాడ్డు పారేసి, కుర్చీ ముందు మోకాళ్ల మీద కూలబడి కట్లు విప్పుతున్నాడు. మేష్టారు వాడి భుజం మీదికి ఒరిగిపోయాడు. టోపీ జారిపడింది.

వస్తాదు ఆ చెవుల వంక చూశాడు. చేట చెవుల వంక చూశాడు.

చేట ఆ టోపీతోనే మేష్టారి మొహం మీది నెత్తురు తుడిచాడు.

"ఇక మన పాప బతుకుతుంది నాన్నా."