దాటుతుందా, దాటదా?

“ఫోనివ్వవే టెస్సా! ఆట మొదలైపోతోంది” అంది మార్లీన్, ట్రాలీ మీద పడుకునే చెయ్యి చాపుతూ.

“అమ్మా! కాసేపట్లో నీకు గుండె ఆపరేషన్. ఇప్పుడు కూడా బాస్కెట్‌బాలేనా?” కూతురు టెస్సాకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“కోసేది గుండెని కదా, వేళ్ళని కాదుగా. ఇవ్వు.”

ట్రాలీ పట్టుకుని నిలబడ్డ నర్సు యొలాండా ఫక్కున నవ్వింది. క్లీవ్‌లాండ్‌లో ఆట ఉన్న రోజున రోగులు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో ఆవిడకి తెలియంది కాదు. నవ్వనివాడు మార్లీన్ మొగుడు రూడీ ఒక్కడే. పొద్దున్నుంచీ పెళ్ళాం కాళ్ళ మీద దుప్పటి సర్దుతున్నాడు. సర్దిందే మళ్ళీ సర్దుతున్నాడు.

“ఏమయ్యా, ఇవాళ రెండు జట్లవీ కలిపి మొత్తం పాయింట్లు రెండు వందల ఇరవై దాటుతాయా, దాటవా?”

“ఇప్పుడు నన్నెందుకడుగుతావు?”

“నిన్ను కాక ఎవర్నడుగుతాను?”

“దాటుతాయిలే” అన్నాడు రూడీ ముక్తసరిగా.

మార్లీన్ చకచకా ఫోను నొక్కి ‘దాటవు’ అనే పక్క పది పందెం టికెట్లు కొనేసింది. లెక్క నిజమైతే టికెట్టుకి ఒక డాలరు, తప్పితే గుండుసున్నా. ఆట నడుస్తుండగానే వాటిని కొనడం, అమ్మడం ఆ ఇంట్లో కాఫీ తాగినంత మామూలు.

యొలాండా ఆశ్చర్యపోయింది. “అదేంటండీ, ఆయన దాటుతాయంటే మీరు దాటవని కొన్నారు?”

“మా ఆయన నోటి మహిమ నీకు తెలీదు తల్లీ. ఈయన దాటుతాయన్నాడా, ఆటగాళ్ళ చేతులు పడిపోతాయి. దాటవన్నాడా, బుట్టలో బంతుల వానే. ఒక్కసారంటే ఒక్కసారి నిజమైతే ఒట్టు! పక్కింటివాళ్ళు బీరు పోయించి మరీ ఈయన మాట కనుక్కుంటారు. కనుక్కుని రెండో వైపు కొనుక్కుంటారు.”

“వాళ్ళ బీరు మాత్రం బాగుంటుంది” అన్నాడు రూడీ. అంతకు మించి జోకు వెయ్యడానికి అతనికి ఓపిక లేదు.

లోపల్నుంచి పిలుపొచ్చింది. యొలాండా ట్రాలీ బ్రేకు తీసింది.

అంతసేపూ గలగలా మాట్లాడిన మార్లీన్ ఫోను టెస్సా చేతిలో పెట్టేసింది. ట్రాలీ కమ్మీని గట్టిగా పట్టుకుంది. పాపం, ఆ హడావుడంతా భయం కనపడకుండా ఉండటానికే.

“రూడీ, ఇలా రా” అంది. అతను వంగాడు.

“నేను తిరిగొస్తానా?”

“ఎందుకు రావమ్మా! నాన్నా, వస్తావని చెప్పు!” అంది టెస్సా.

“కాస్త ధైర్యం చెప్పండి సార్” అంది యొలాండా.

“మీరాగండి. రూడీ, నన్ను ఊరడించడానికి ఓ మాట అన్నావంటే ఊరుకోను. నీ మనసుకి ఏమనిపిస్తోందో అదే చెప్పు.”

డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తిన రోజు నుంచీ రూడీకి ముద్ద దిగడం లేదు. వంటింట్లోకి వెళ్తే ఈవిడ లేని వంటిల్లే కళ్ళముందు ఆడుతోంది. ప్రాణంలో ప్రాణంగా చూసుకున్న మనిషి, ఎదురుగా పడుకుని నిజం చెప్పమంటోంది. ఆవిడకి ఎన్నడూ అబద్ధం చెప్పి ఎరగడు.

“చెప్పు నాన్నా!” టెస్సా అతని చొక్కా పట్టుకుని కుదిపేసింది.

“రావనిపిస్తోంది మార్లీన్” అని భోరుమన్నాడు రూడీ. “ఎంత వద్దనుకున్నా అదే అనిపిస్తోంది. నువ్వింక రావు.”

టెస్సా నిర్ఘాంతపోయింది. యొలాండాకి ఎటు చూడాలో తెలియలేదు.

మార్లీన్ కమ్మీ వదిలేసింది. మొగుడి తడి మొహాన్ని రెండు చేతుల్తో దగ్గరికి లాక్కుని నుదుటి మీద గట్టిగా ముద్దు పెట్టింది.

“హమ్మయ్య, బతికాను! పద తల్లీ, లోపలికి పోదాం.”