బ్రేకుల్లేని ఫియట్

బ్రేకుల మాట ఎత్తితే చాలు, స్వరాజ్యం దోమల జాలీ మాట ఎత్తుతోంది.

బుచ్చిరాములుకు ఒళ్లు మండిపోయింది. నలభై ఏళ్లుగా ఈ పరాయి నగరంలో, ఖటోదరా పేట గ్యారేజీలో కార్ల కింద దూరి బతికిన మెకానిక్కు. డెబ్బై నాలుగు మోడల్ ఫియట్‌కు ముందు జాలీ, తర్వాతే బ్రేకులు అన్న మనిషిని ఎక్కడా చూడలేదు.

"బిడ్డా, జర నా మాట ఇను. నీ దగ్గర ఉన్నయే ఆరు వేలు. అవి బ్రేకులకు పెడ్దం. మిగిల్తే టైర్లు చూద్దం."

"వద్దు కాకా. ముందల డ్రైవర్ పక్క సీటు తీసెయ్. ఎనక సీటుకు చెక్క జోడించి పొడుగు చెయ్. మనిషి కాళ్లు చాపుకొని పండాలె. పైన కారుతున్నది, అది బంద్ చెయ్."

అదే నగరంలో గోడాదరా పేట గల్లీలో, స్వరాజ్యం వాళ్ల ఒంటి గది ఇంటి ముందు నిలబడి ఉందా కారు. స్వరాజ్యం తండ్రి రాజలింగం ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ మగ్గాల మధ్య చెవులు పోగొట్టుకుని, ఆఖరికి ఈ పాత బండి కొని పెళ్లిళ్లకు కిరాయికి తిప్పాడు. నిరుడు పోతూ కూతురికి వదిలింది ఇదొక్కటే. నడపడం కూడా ఆయనే నేర్పాడు.

ఇప్పుడు జూలై. కరోనా మళ్లీ లేచింది. మళ్లీ మగ్గాలు ఆగాయి. గల్లీలో సగం ఇళ్లకు తాళాలు. అందరూ ఊళ్ల దారి పట్టారు, స్వరాజ్యమూ పడుతోందన్నమాట. సొంతూరు సిరిసిల్ల ఇక్కడుందా? తొమ్మిది వందల కిలోమీటర్లు. ఘాట్ రోడ్లు. వాన. బండిలో స్వరాజ్యం ముసలి తల్లి బాలవ్వ, ఇద్దరు పిల్లలు. బ్రేకులు సున్నా.

పైగా దాని వాలకం ఒకటి! కారు దగ్గరికే రాదు. గల్లీ అవతలి గోడకు ఆనుకుని, మూతికి రెండు గుడ్డలు కట్టుకుని, అక్కణ్నించే హుకుంలు. పైసలు కూడా తల్లితో ఇప్పించింది. ఎత్తుకుని ఆడించిన కాకా ఇప్పుడు దాని కంటికి రోగాల పుట్టలా కనబడుతున్నాడు.

"లోపల ఫ్యాన్ పెట్టాలె కాకా."

"బ్యాటరీ పానం పోయిన బండికి ఫ్యానా? దేనితోటి తిరుగుతది, నీ నోటితోటా?"

"కరెంటు సంగతి నేను చూస్కుంట. ఇంగ జాలీకి ఒక పక్క కంత పెట్టు. పళ్లెం పట్టాలె."

"టోల్ నాకాల పైసలియ్యనీకి పళ్లెమంత కంత దేనికే? ఆళ్లకు హారతి పడ్తవా?"

స్వరాజ్యం మూతి గుడ్డలు ఇంకాస్త బిగించి కట్టుకుంది.

"చెప్పింది చెయ్ కాకా. మాపటికల్లా కావాలె."

బుచ్చిరాములు పానా నేలకేసి కొట్టాడు.

"మీ నాయన ఉంటే చెంప పగలగొడ్తుండె! నీ పానం నీ ఇష్టం. ఆ పోరగాండ్లేం చేసిన్రు? ఆ ముసల్దేం చేసింది?"

"ఆళ్ల కోసమే చేపిస్తున్న," అందామె, గోడ దగ్గర్నించి కదలకుండానే.

సీటు పీకాడు. చెక్క వేశాడు. జాలీ కొట్టాడు, కంత కోశాడు. టాపు మీద తారు పూశాడు. ప్రతి మేకుకూ ఒక తిట్టు తిట్టాడు. వెళ్లొస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఇంటికి పోయినా ముద్ద దిగలేదు. తెల్లారగానే గ్యారేజీలో తుక్కు కింద పడున్న ఇంకో ఫియట్ బ్రేకులు విప్పి సంచిలో వేసుకున్నాడు. పైసా అడిగేది లేదు. వద్దంటే చక్రాల ముందు పడుకుంటాడు, ఎట్లా పోతుందో చూస్తాడు. వానలో తడుస్తూ గోడాదరాకు పరుగు తీశాడు.

కారు అక్కడే ఉంది. అమ్మయ్య, ఇంకా బయల్దేరలేదు.

ముఖం మీద నీళ్లు తుడుచుకుని దగ్గరికి పోతే, ఇంట్లోంచి కారులోకి కరెంటు వైరు లాగి ఉంది; కార్పొరేషన్ వాళ్లు కరోనా రోగుల ఇళ్లకు అంటించే కాగితం, స్వరాజ్యం పేరుతో, కారు తలుపుకు అంటించి ఉంది.