తలుపు వెనక రెండు కళ్ళు

ముసలాయన వచ్చేసరికి గది నిండిపోయింది.

"ఆలస్యమైంది తల్లీ. ఆ చెట్టు కొట్టేశారుగా, మలుపు దొరకలేదు," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

ఆమెకేమీ అర్థం కాలేదు. వేలు పెదవుల మీద పెట్టి, వెనక ఉన్న కుర్చీ చూపించింది.

అది ఆమె నాన్న గది. ఒకప్పుడు కుర్రకారును ఉర్రూతలూగించిన రాక్ బ్యాండుకి ఆయనే గాయకుడు. గోడకి గిటారు, బల్ల మీద రికార్డులు. వారమంతా ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఆమె, ఆదివారం మాత్రం ఆ గది తెరిచి అభిమానులను రానిస్తుంది.

చుక్క రక్తంలో ఏ రోగముందో ఇట్టే చెప్పగలదు. నాన్న ఆఖరి పాటలో ఏముందో మాత్రం ఇంతవరకు అంతుపట్టలేదు.

"కాలిన చెట్టు కనబడితే ఎడమకు తిరుగు.
ఏరు పిలుస్తుంది, ఆగకు, ఆగకు.
మూడు దీపాలు దాటిపో.
తలుపు వెనక రెండు కళ్ళు నిద్రపోవు."

ఆ పాట విడుదలైన నెలకే, ఆ రాత్రి నాన్నే నడుపుతున్న బ్యాండు వ్యాను వంతెన మీంచి ఏట్లో పడింది. అప్పటికి ఆమెకు నాలుగేళ్ళు.

ఆ నాలుగు పాదాల మీద అర్థాల మాస్టారు మూడొందల పేజీల పుస్తకం రాశాడు. ఆవలింతలోనూ అర్థం వెతుకుతాడని అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

"కాలిన చెట్టంటే బతుకు మీద విరక్తి. ఏరంటే మృత్యువు. అది పిలిస్తే ఆగకుండా వెళ్ళిపొమ్మంటున్నాడు. మూడు దీపాలు బాల్యం, యౌవనం, వార్ధక్యం. ఇక నిద్రపోని ఆ కళ్ళు..." మాస్టారు గొంతు తగ్గించాడు. "చావు కళ్ళు! ఇది పాట కాదండీ, మరణవాంగ్మూలం."

ఆమె తల దించుకుంది. నాన్న కావాలనే పోయాడన్న మాట వింటూనే పెరిగింది. ఇంట్లో నాలుగేళ్ళ కూతురుండగా పోవాలనిపించిందంటే, ఆయనకి తనంటే ఏపాటి ప్రేమ? పెళ్ళయినా, పిల్లలు పుట్టినా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు.

"చెట్టు చెట్టేనండి," అన్నాడు ముసలాయన.

అందరూ వెనక్కి తిరిగారు.

"పిడుగు పడి కాలింది. ఆ వంతెన బాగా ఇరుకు. మధ్యలో ఆపితే వెనకొచ్చే లారీ గుద్దేస్తుంది. అందుకే ఆగకు అన్నారు."

గదంతా గొల్లున నవ్వింది.

"మరి మూడు దీపాలో?" అన్నాడు మాస్టారు.

"వీధి దీపాలండి."

మాస్టారు నవ్వుతూ తన పుస్తకం తెరిచి ఆయన చేతిలో పెట్టాడు. "ఈ పేజీ చదవండి. తర్వాత మాట్లాడుకుందాం."

ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"కళ్ళజోడు తేలేదండి."

"తెచ్చుకుని ఉంటే, చెట్టులో ఇంకేదైనా కనబడేది!"

మళ్ళీ నవ్వులు. ముసలాయన వాటిని పట్టించుకోకుండా ఆమె వైపు తిరిగాడు.

"తల్లీ, ఆ రెండు కళ్ళూ..."

"చాలు పెద్దాయనా!" అందామె. "వారానికొకరు వచ్చి తలా ఒక అర్థం చెప్పిపోతారు. వినే ఓపిక నాకు లేదు. దయచేసి వెళ్ళండి."

ఆయన పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. ఒక్కక్షణం గిటారు వంక చూసి వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండానే ల్యాబుకి ఫోనొచ్చింది. ఎవరో అమ్మాయి.

"మొన్నామధ్య మా తాతయ్య మీ ఇంటికొచ్చాడండి. చెట్టు చెట్టేనన్నాడట."

"గుర్తుంది. ఎలా ఉన్నారు?"

"నిన్న పోయాడండి. మీకో మాట చెప్పమన్నాడు. ఆ పాటలో కళ్ళు మీవేనట. ఎంత పొద్దుపోయినా, నాన్న వస్తేగానీ పడుకోనని తలుపు వెనకే కూర్చునేవారట మీరు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. నాన్న పోవాలనుకోలేదు. ఇంటికి రావాలనుకున్నాడు, తన దగ్గరికి. ఇన్నేళ్ళ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చింది. ఆ మాట చెప్పడానికి వెతుక్కుంటూ వచ్చిన మనిషిని తనే బయటికి పంపేసింది.

"ఇదంతా ఆయనకెలా తెలుసమ్మా? ఎవరాయన?"

"తాతయ్యకి అక్షరం ముక్క రాదండి, దారిలో బోర్డులు చదవలేడు. అందుకే మీ నాన్నగారు ఇంటి దారంతా పాట కట్టి నేర్పి, వెనక సీట్లో నిద్రపోయేవారట. ప్రమాదం జరిగిన ఆ ఒక్కరోజు జ్వరమొచ్చి పడుకున్నాడు గానీ, అంతకుముందు ప్రతిసారీ ఆ పాట పాడుకుంటూ మీ నాన్నగారిని మీ గుమ్మంలో దింపిన వ్యాను డ్రైవరు మా తాతయ్యేనండి."